స్క్రీన్ రీడర్ తెలుగు చదవకపోతే

తెర మీది రాతను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ స్క్రీన్ రీడర్. దానితో మీ గుంటూరు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఇంగ్లీషు బాగానే వినిపిస్తోందని, తెలుగు పేజీలు మాత్రం అర్థంలేని అక్షరాలుగా వస్తున్నాయని, బొమ్మల దగ్గర ఏమీ చెప్పడం లేదని చూపులేని విద్యార్థులు అన్నారని రాశారు.

టెన్షన్ పడకండి. పాత బ్రోషర్ల మేటర్‌ను 'అను' అనే పాతకాలం తెలుగు ఫాంట్లలోంచి కాపీ చేసి పెట్టి ఉంటారు. కంటికి తెలుగులా కనిపించినా, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. తెలుగు అక్షరాన్ని కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే యూనికోడ్ పద్ధతిలోకి మార్చండి. మార్చాక ఒత్తులు తప్పకుండా సరిచూడండి, ఎక్కువ తప్పులు అక్కడే దొర్లుతాయి. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని కూడా చెప్పాలి. అప్పుడు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకు మారుతుంది. అది ఉచితమే, మీరే పెట్టుకుని వినండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు మాత్రం దానికి ఒట్టి బొమ్మలే, బొమ్మలోని రాతను అక్షరాలుగా మార్చే ఓసీఆర్‌తో మార్చి తప్పులు దిద్దాలి, లేదంటే మళ్లీ టైపు చేయించాలి.

బొమ్మలకు ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మకు బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణ, రాయండి. 'శిల్పం 12' అంటే ఏం తెలుస్తుంది? 'అమరావతి సున్నపురాతి పలక, మధ్యలో స్తూపం, రెండువైపులా మొక్కుతున్న భక్తులు' అంటే మనసులో రూపం కడుతుంది. ఈ పని డెవలపర్‌కు వదలకండి, శిల్పాలు తెలిసినవాళ్లే రాయాలి.

మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. మౌస్ లేకుండా ట్యాబ్ కీతోనే టికెట్ పేజీ దాకా వెళ్లగలగాలి. మెట్లెన్ని, ర్యాంపు ఎటువైపు ఉందన్నదీ రాయండి, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లు ముందు వెతికేది అదే.

మార్పులన్నీ అయ్యాక ఆ విద్యార్థులనే పిలిచి వాడి చూడమనండి.