రె: నా ప్రేమ నవల పరుగెత్తుతోందంటున్నారు, పేజీలు పెంచాలా?

పెంచొద్దండి. ఇంటర్ పిల్లల ప్రేమకథ చదివినవాళ్లు "మనసుకు తాకలేదు" అన్నారని రాశారు. మీరు పెట్టిన అధ్యాయాలు చదివాను. బస్టాండ్‌లో కలిశారు, తర్వాతి పేజీకే "ఆమె లేకుండా బతకలేననిపించింది" అని రాసేశారు. ఆ రెంటి మధ్య జరగాల్సిందే అసలు నవల.

ఆ వాక్యం కొట్టేయండి. దాని బదులు, ఆమె ఫిజిక్స్ రికార్డు అతని దగ్గర ఉండిపోయిందనుకోండి. తిరిగిచ్చే వీలున్నా ఇవ్వడు. రాత్రి తెరిచి, బొమ్మ పక్కన ఆమె పెన్సిల్‌తో రాసి చెరిపేసిన లెక్క చూస్తూ కూర్చుంటాడు. మర్నాడు ల్యాబ్‌లో రికార్డు లేదని ఆమె తిట్లు తింటుంటే నోరు విప్పడు. ఇష్టం, సిగ్గు, తప్పు చేశానన్న బాధ మూడూ వచ్చేశాయి. ప్రేమ అన్న మాటే అక్కర్లేదు.

అమ్మాయికి కూడా సొంత బతుకు ఇవ్వండి. ర్యాంకు భయమో, ఇంట్లో అప్పో, అతనితో సంబంధం లేని కోరిక ఏదైనా సరే.

వాళ్లిద్దరి గొడవ ఒక్క పేరాలో, ఫోన్‌లో సారీతో తీరిపోవడం నాకు అన్నిటికన్నా బాధనిపించింది. ఇంగ్లిష్ రచయిత్రి జేన్ ఆస్టిన్ 1813లో తెచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవలలో హీరో డార్సీ మొదటిసారి పెళ్లి మాటెత్తేది 61 అధ్యాయాల్లో 34వ దాంట్లో. హీరోయిన్ ఎలిజబెత్ ముఖం మీదే కాదంటుంది. మిగతా కథంతా ఆ దెబ్బ మీదే నడుస్తుంది. మీ వాళ్ల కోపాన్నీ కొన్ని అధ్యాయాలు ఉండనివ్వండి.

ముందు ఆ గొడవ సీను తిరగరాసి ఇక్కడే పెట్టండి, తప్పకుండా చదువుతాను.