సుల్తాన్ బజార్ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

సుల్తాన్ బజార్ మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివానమ్మా. చదివించే గుణం ఉంది. కానీ గత వైభవం, చెరగని జ్ఞాపకాలు లాంటివన్నీ కొట్టెయ్. వాటిని ఏ ఊరి పాతబజారుకైనా అతికించవచ్చు. ఈ బజారుకే చెందిన సంగతి ఒకటుంది: హైదరాబాదు నడిబొడ్డున ఉంటూనే ఇది చాలాకాలం నిజాం అధికారానికి లోబడలేదు.

కోఠీలో మహిళా కళాశాల నడిచిన పాత భవనం 19వ శతాబ్దం మొదట్లో నిజాం దర్బారులో బ్రిటిషువారి ప్రతినిధి (రెసిడెంట్) కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ. దాని చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజార్లలో పెత్తనం బ్రిటిషువారిదే. 1933లో అవి నిజాం చేతికి తిరిగి వచ్చాకే సుల్తాన్ బజార్ అన్న పేరు వచ్చింది.

సిపాయిల తిరుగుబాటు రోజుల్లో, 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని దండెత్తింది ఆ భవనం మీదికే. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయాన్ని నెలకొల్పిందీ ఈ పరిసరాల్లోనే, రావిచెట్టు రంగారావు ఇంట్లో. నిజాం ప్రభుత్వ కచేరీల్లో ఉర్దూ ఏలుతున్న రోజులవి. పరాయి పాలకుడి కోటగోడ పక్కనే తెలుగు పుస్తకానికి నీడ దొరికింది. ఈ వైరుధ్యాన్ని దాచకు, తీర్పు చెప్పేసి దాటిపోకు. నీ వ్యాసానికి ప్రాణం అదే.

ఇక నేటి బజారు. రంగురంగుల చీరలని రాసి ఊరుకున్నావు. మ్యాచింగ్ సెంటర్ ముందు కాసేపు నిలబడు. జాకెట్ ముక్క కోసం వచ్చిన ఆమె ట్యూబులైటు వెలుతురును నమ్మదు. చీర చెంగును, గుడ్డ తానునూ గుమ్మం దాకా తెచ్చి ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తుంది. దుకాణదారు విసుక్కోకుండా మరో తాను దించుతాడు. అలాంటిది రాయి.

మెట్రోను ఒక్క వాక్యంలో దాటేయడం నాకు నచ్చలేదు. 2020 ఫిబ్రవరిలో రైలు రాకముందు, దుకాణాలు పోతాయని వర్తకులు ఏళ్ల తరబడి పోరాడారు. వాళ్లలో ఒకరి పక్కన కూర్చుని, గిరాకీలో, అద్దెలో, గుమ్మం ముందు పడే నీడలో ఏం మారిందో అడుగు. అడిగాకే సవరించిన ప్రతి నాకు పంపు. ఎదురుచూస్తుంటాను.