ఈనిన గేదె లేవడం లేదు, కాళ్ల కండరాలు చచ్చుబడ్డాయా?

ప్రశ్న: మా ముర్రా గేదెకు ఇది నాలుగో ఈత. ఈనిన మర్నాటి నుంచి లేవడం లేదు. మెడ డొక్క మీదికి తిప్పి పడుకుంది, చెవులు చల్లగా ఉన్నాయి, నెమరు లేదు. ఊళ్లో పక్షవాతం అంటున్నారు. నిజమేనా? – పాడి రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు పశువైద్యుడికి కబురు పెట్టండి, లేదా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మీరు చెప్పిన లక్షణాలు పాల జ్వరానివి, అంటే ఈనాక రక్తంలో కాల్షియం పడిపోవడం. కండరాలు ఇంకా పోలేదండి. కండర కణం సన్నటి దారంలా ఉంటుంది, దాని లోపల ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదాని పక్కగా ఒకటి జారితే కణం పొట్టిదవుతుంది, కండరం బిగుస్తుంది. ఆ జారుడు మొదలుపెట్టేది కాల్షియం. కాలి కండరం తనకు కావలసిన కాల్షియాన్ని లోపలే దాచుకుంటుంది కాబట్టి అక్కడ లోటు లేదు. తేడా వచ్చింది నరం కొసన. 'కదులు' అనే కబురు అక్కడి నుంచి కండరానికి దాటాలంటే రక్తంలోని కాల్షియం కావాలి, అదేమో జున్నుపాలలోకి లీటరుకు సుమారు 2 గ్రాముల చొప్పున వెళ్లిపోయింది. మోటారు బాగానే ఉంది, స్టార్టరే పనిచేయడం లేదు, అంతే. పొట్ట, గర్భసంచి కండరాలకైతే బయటి కాల్షియం నేరుగా కావాలి, నెమరు ఆగింది అందుకే. మాయ పడిందో లేదో కూడా చూసి డాక్టరుకు చెప్పండి.

కాల్షియం సీసా కొనుక్కొచ్చి మీరే రక్తనాళంలోకి ఎక్కించొద్దు. గుండె కూడా కండరమే, వేగంగా ఎక్కిస్తే ఆగిపోవచ్చు. డాక్టరు గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా ఎక్కిస్తారు, సమయానికి పడితే చాలా పశువులు కొన్ని గంటల్లోనే లేస్తాయి. గొంతు కండరాలూ పట్టు తప్పి ఉంటాయి కాబట్టి ఈలోపు నోట్లో ఏ మందూ, గంజీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నాకు అసలు టెన్షన్ ఇంకోటి. అంత బరువు గంటల తరబడి ఒకే పక్క పడితే కింది కాలి కండరానికి రక్తం అందదు, అప్పుడు కణాలు నిజంగానే చచ్చిపోతాయి, ఆ తర్వాత ఎంత కాల్షియం ఇచ్చినా గేదె లేవదు. అందుకే కింద గడ్డి మందంగా పరిచి, బస్తాలు ఆనించి రొమ్ము మీద కూర్చోబెట్టండి, రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి.

లేచాక రెండు మూడు రోజులు పాలు పూర్తిగా పిండేయకండి, పొదుగులో కొంత ఉంచండి. వచ్చే ఈతకు చూడి చివరి వారాల్లో బలమని కాల్షియం టానిక్కులు పట్టొద్దు, బయటి నుంచి దండిగా వస్తుంటే ఎముకల నుంచి తీసుకునే అలవాటు ఒంటికి తగ్గిపోతుంది. ఈనాక ఖనిజ లవణ మిశ్రమం రోజూ పెట్టండి.