తిరుపతి కాలేజీ నేపథ్యంలో నేను రాసిన డార్క్ రొమాన్స్ నవల ఎలా ఉంది? మొహమాటం లేకుండా చెప్పండి

42 అధ్యాయాలూ రెండు రాత్రుల్లో చదివేశాను. మొహమాటం వద్దని మీరే అన్నారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా.

డార్క్ రొమాన్స్ అంటే భయం, బెదిరింపు కలిసిన ప్రేమకథ. చదవని వాళ్ల కోసం మీ కథ ఇదీ. పలమనేరు పక్క పల్లె నుంచి పీజీకి తిరుపతి వచ్చిన అమ్మాయి, ఆమె వెంటపడే సీనియర్, అతని ఫోన్లో ఉన్న ఒక ఫోటో. అంతే. నవలకు ఇది చాలు.

నన్ను కట్టిపడేసింది ఏడో అధ్యాయం. నవంబరు వాన, కపిలతీర్థం జలపాతం హోరు, ఆ పిల్ల అతని పక్కన నిలబడి ఉంటుంది. ఫోను మోగుతుంది. మేనమామ. "దర్శనానికి వచ్చినాం మే, యాడుండావు? హాస్టల్ కాడికి వస్తా ఉండాం." ఆ ఒక్క మాటతో నా వెన్ను చల్లబడింది. ఇంకో ఊళ్లో చదివే పిల్లలకు చుట్టాల భయం సెలవులకు ఇంటికి పోయినప్పుడే. తిరుపతిలో అట్లా కాదు, ఏ రోజు ఏ చిన్నాయన కొండకొస్తాడో ఎవరికీ తెలీదు. నేను చదివిన రెండేళ్లలో చుట్టాలు రాని నెల లేదు. లీలామహల్ సెంటర్లో టీ తాగాలన్నా నాలుగు పక్కలా చూసుకుని తాగేవాళ్లం. (లడ్డూలకు మాత్రం కొదవుండేది కాదు.) మీ సీనియర్‌కు ఇది బాగా తెలుసు. అందుకే "మీ మామ నంబరు నా దగ్గరుంది" అని నవ్వుతూ అంటాడు, గొంతు కూడా పెంచడు. మీ నవల మొత్తంలో భయం పుట్టించే మాట అదే.

అట్లాంటి మాట రాయగలిగిన మీరు 15వ అధ్యాయంలో అతనికి నల్ల కార్లు, బంగళా, తుపాకీ పట్టుకున్న మనుషులు ఎందుకు తగిలించారో నాకు అర్థం కాలేదు. అక్కడి నుంచి కథ తిరుపతిలో లేదు, ఎక్కడా లేదు. అతని మాటలు కూడా డబ్బింగ్ సినిమాలా అయిపోయాయి. "నువ్వు నాదానివి" అని 11 సార్లు అన్నాడు, లెక్కపెట్టాను. మొదటిసారి భయమేసింది, ఐదోసారికి నవ్వొచ్చింది.

ఇక్కడ నా సొంత గోడు కొంచెం వినాలి. 2006లో నేనూ ఇట్లాంటి నవలే మొదలుపెట్టాను, లాంగ్ నోటుబుక్కులో. మీ హీరోకు అన్న లాంటివాడు నా హీరో. అదే రోజుల్లో మా రూమ్మేట్ వెంట ఒకడు ఆరు నెలలు తిరిగాడు. ఆ పిల్ల రాత్రి మెస్సుకు రావడం మానేసింది, పొద్దున మిగిలిన పులిహోర గదిలో దాచుకుని తినేది. బస్టాపుకు చుట్టుదారిన పోయేది. ఇంట్లో చెప్పమంటే, "చెప్తే వాణ్ని ఆపరు, నా చదువును ఆపేస్తారు" అంది. నా నోటుబుక్కు తనకే చదవడానికిచ్చాను, అంత తెలివి నాది. చదివి ఒకే ఒక్కటి అడిగింది. "వాడు గోడకు ఆనించి మాట్లాడేటప్పుడు ఈ పిల్ల ఏం చూస్తా ఉండాది?" వాడి కళ్లు అన్నాను. "కాదు మే, తలుపు చూస్తాది" అంది. ఆ నవల అక్కడే ఆగిపోయింది.

మీ 23వ అధ్యాయంలో, హాస్టల్ మేడ మీద, మీ అమ్మాయి కూడా అతని కళ్లే చూస్తోంది. ఒక పేజీ నిండా.

ప్రేమను తీసేయమని అనడం లేదు. డార్క్ రొమాన్స్ చదివేవాళ్లకు భయంతో పాటు ఆ లాగుడు కూడా కావాలి, మీకది చేతనైంది. 19వ అధ్యాయంలో ఆమె అతని మెసేజ్ రాకూడదని కోరుకుంటూనే పదిసార్లు ఫోను తిప్పి చూసుకుని, తన మీద తనకే అసహ్యం వేసి, బకెట్ తీసుకుని బట్టలు ఉతకడానికి పోతుంది చూడండి, అది నేను రాయగలిగేదాన్ని కాదు. ఆ బకెట్ ఉన్నంతసేపు ఆమె మనిషిగా ఉంది. తర్వాత ఆమెకు పరీక్షల్లేవు, స్నేహితురాళ్లు లేరు, ఇంటి నుంచి ఫోన్లు లేవు. అతను గదిలో లేనప్పుడు ఆమె కూడా ఉండదు.

ఇంకో చిక్కు. నేను చదివే రోజుల్లో అమ్మాయి వెంటపడటం చట్టంలో విడిగా నేరం కాదు, 2013లో అయింది. మీ కథ జరిగేది 2024 చివర్లో, అప్పటికి భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ఉంది, మొదటి తప్పుకే మూడేళ్ల దాకా జైలు. చదివేవాళ్లు "కంప్లయింట్ ఇవ్వచ్చు కదా" అనుకుంటారు. మీ అమ్మాయి ఇవ్వక్కర్లేదు, కానీ స్టేషన్ దాకా పోయి, ఇంటికి ఫోన్ చేస్తారేమోనని వెనక్కి వచ్చేయచ్చు. ఏడో అధ్యాయంలోని మేనమామ అక్కడ మళ్లీ పనికొస్తాడు.

ర్యాగింగ్ సీను పట్టపగలు క్యాంటీన్లో పెట్టారు. రాష్ట్రంలో 1997 నుంచి దానికి చట్టముంది, అడ్మిషన్ రోజే పిల్లల చేతా అమ్మానాన్నల చేతా హామీపత్రాలు రాయించుకుంటారు. జరగదని కాదు, చాటుగా జరుగుతుంది. చాటుగా రాస్తే ఇంకా భయంగా ఉంటుంది. ఇక 28లో కారులో బీరు సీసాలతో తిరుమల ఎక్కించారు. అలిపిరి దగ్గరే తనిఖీలో దొరికిపోతారమ్మా! ఆ సీను తీసేయండి. మొదటి పేజీలో బెదిరింపులు, వేధింపులు ఉంటాయని ఒక ముక్క రాసిపెట్టండి.

15 నుంచి తిరగరాయడం కుదరకపోతే, కనీసం 23 ఒక్కటి ఆమె తలుపు వైపు చూస్తున్నట్టు రాసి పెట్టండి. చదువుతా.