చివరి అంకె మాత్రమే మారిన పైథాన్ అప్‌డేట్‌ని పరీక్షించకుండా వేసేయొచ్చా?

సర్వర్‌లో పైథాన్ 3.13 నడుస్తోంది, చివరి అంకె (3.13.5లో 5 లాంటిది) మాత్రమే మారిన మెయింటెనెన్స్ అప్‌డేట్ వచ్చింది, కొత్త ఫీచర్లేమీ ఉండవంటున్నారు కాబట్టి కళ్లు మూసుకుని వేసేయొచ్చా అని అడిగారు. అప్‌డేట్ తప్పకుండా వేయండి, నెలల తరబడి వాయిదా వేయకండి. కానీ చేంజ్‌లాగ్ (ఆ వెర్షన్‌లో ఏమేం మారాయో చెప్పే జాబితా) చదవకుండా, మీ అసలు డేటాతో ఒకసారి నడిపి చూడకుండా మాత్రం వేయకండి. ఎందుకంటే ఈ చిన్న అప్‌డేట్లలో కూడా ప్రోగ్రామ్ ప్రవర్తన మారుతుంది. ఉద్యోగంలో నేను దీన్ని పలుమార్లు చూశాను.

మామూలుగా నియమం మీరు విన్నదే. మధ్య అంకె (3.13.5లో 13) ఏడాదికోసారి, అక్టోబరులో మారుతుంది. కొత్త ఫీచర్లన్నీ అప్పుడే వస్తాయి. చివరి అంకె సుమారు రెండు నెలలకోసారి మారుతుంది, అందులో తప్పుల సవరణలే ఉంటాయి. ఒక్క మినహాయింపు ఏంటంటే భద్రత. పాత ప్రవర్తనను అలాగే ఉంచితే ఎవరైనా దాడి చేసే వీలుంటుందని తేలినప్పుడు, పైథాన్ డెవలపర్లు పాత కోడ్ కొంత ఆగిపోయినా సరే అని ఆ దారి మూసేస్తారు. అది సరైన నిర్ణయమేనని నేను గట్టిగా నమ్ముతాను.

అందరికీ బాగా తగిలిన మార్పు 2022 సెప్టెంబరులో 3.10.7తో వచ్చింది. స్ట్రింగ్‌లో (అక్షరాల వరసలో) ఉన్న అంకెలను ఇంట్‌గా (పూర్ణాంకంగా) మార్చేటప్పుడు, ఇంట్‌ను తిరిగి స్ట్రింగ్‌గా మార్చేటప్పుడు 4300 అంకెల పరిమితి పెట్టారు. దాటితే వాల్యూఎర్రర్ అనే ఎర్రర్ వస్తుంది. అదే మార్పును 3.9, 3.8, 3.7లకు కూడా అప్పుడే ఇచ్చారు. మా టీమ్‌లో చాలా పెద్ద పూర్ణాంకాలతో లెక్కలు చేసే టూల్ ఒకటి ఉండేది. అప్‌డేట్ తర్వాత అది ఆగిపోయింది. అందరూ లెక్కలు చేసే భాగాన్ని తిరగేస్తున్నారు, అక్కడేమో ఏ తప్పూ లేదు. కూడిక, గుణకారం అన్నీ ముందులాగే నడుస్తున్నాయి. ఎర్రర్ వస్తున్నది ఫలితాన్ని లాగ్‌లో రాసే లైన్‌లో, ఎందుకంటే సంఖ్య అక్కడే స్ట్రింగ్‌గా మారుతోంది.

మీరే చేసి చూడొచ్చు. 1000 ఫ్యాక్టోరియల్‌లో (1 నుంచి 1000 దాకా అన్నిటినీ గుణిస్తే వచ్చే సంఖ్యలో) 2568 అంకెలుంటాయి, ప్రింట్ చేస్తే హాయిగా వస్తుంది. 2000 ఫ్యాక్టోరియల్‌లో 5736 అంకెలు. దాన్ని లెక్కించి వేరియబుల్‌లో పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు, ప్రింట్ అన్నప్పుడే ఎర్రర్ వస్తుంది.

ఈ పరిమితి ఎందుకంటే, పదుల పద్ధతిలో ఉన్న అంకెలను మార్చడానికి పట్టే సమయం అంకెల సంఖ్యకు వర్గంలో పెరుగుతుంది. అంకెలు రెట్టింపైతే సమయం నాలుగింతలు. వేగమైన ప్రాసెసర్ మీద కూడా ఐదు లక్షల అంకెల స్ట్రింగ్‌ను మార్చడానికి సెకనుకు పైగా పట్టొచ్చు. సర్వర్లకు డేటా పంపడానికి వాడే జేసన్ ఫార్మాట్‌లో అలాంటి సంఖ్య ఒకటి పెట్టి ఎవరైనా వరసగా పంపుతుంటే సర్వర్ ఆ పనిలోనే ఇరుక్కుపోతుంది. భద్రతా లోపాల సీవీఈ జాబితాలో దీనికి ఇచ్చిన నంబరు సీవీఈ-2020-10735. హెక్స్ (16 ఆధారంగా), ఆక్టల్ (8 ఆధారంగా), బైనరీ (2 ఆధారంగా) మార్పిడులకు ఈ సమస్య లేదు, కాబట్టి పరిమితీ లేదు. మేం లాగ్‌లో సంఖ్యను హెక్స్‌లో రాయడం మొదలుపెట్టాం, పని అయిపోయింది. పదుల పద్ధతే కావాలంటే సిస్ మాడ్యూల్‌లోని ఫంక్షన్‌తోనో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తోనో పరిమితి పెంచుకోవచ్చు. సున్నా ఇస్తే పరిమితే ఉండదు. కానీ బయటివాళ్ల డేటా వచ్చే సర్వర్‌లో దయచేసి సున్నా పెట్టకండి.

ఇంకో అనుభవం ఐపీ అడ్రస్‌ల గురించి. 3.9.5లో, తర్వాత 3.8.12లో, ఐపీఅడ్రస్ మాడ్యూల్ ముందు సున్నాలున్న అడ్రస్‌లను తిరస్కరించడం మొదలుపెట్టింది. మాకు ఒకచోటి నుంచి వచ్చే ఫైల్‌లో ప్రతి భాగాన్నీ మూడు అంకెలకు సరిపెట్టి 010.020.030.040 అని రాసేవారు. కంటికి అది 10.20.30.40. పైథాన్ కూడా అప్పటిదాకా అలాగే చదివింది. అయితే కొన్ని సిస్టమ్ లైబ్రరీలు ముందు సున్నా కనబడితే దాన్ని ఆక్టల్ అనుకుంటాయి. వాటి లెక్కలో అదే అడ్రస్ 8.16.24.32 అవుతుంది. అంటే అనుమతి ఉందా లేదా అని పైథాన్ ఒక అడ్రస్‌ను చూసి తేలుస్తుంది, తీరా కనెక్షన్ వెళ్లేది ఇంకో అడ్రస్‌కి. అలాంటప్పుడు ఎర్రర్ ఇచ్చి ఆపేయడమే మేలు. ఫైల్ చదివే చోట సున్నాలు తీసేసే చిన్న సవరణ చేశాం. ఆ ఫైల్ నిజంగా పదుల పద్ధతిలోనే ఉందని పంపేవాళ్లను అడిగి ఖాయం చేసుకున్నాకే చేశాం.

3.9.2లో క్వెరీ స్ట్రింగ్‌ను (వెబ్ అడ్రస్‌లో ప్రశ్నార్థకం తర్వాత వచ్చే పారామీటర్లను) విడదీసేటప్పుడు సెమికోలన్‌ను (;) విభజన గుర్తుగా లెక్కలోకి తీసుకోవడం ఆపేశారు, ఇప్పుడు డిఫాల్ట్‌గా యాంపర్‌సాండ్ (&) ఒక్కటే. ఇలాంటిదాంట్లో ఎర్రర్ కూడా రాదు, పారామీటర్లు మాయమవుతాయి అంతే. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి ఇవే.

చేంజ్‌లాగ్ ఎలా చదవాలి? మొత్తం చదవక్కర్లేదు. సెక్యూరిటీ అనే విభాగం ఉంటే దాన్ని మాత్రం ఒక్క వాక్యం వదలకుండా చదవండి. మిగతా దాంట్లో మీరు ఇంపోర్ట్ చేసే మాడ్యూళ్ల పేర్లు వెతకండి. తర్వాత 'నౌ రెయిజెస్' (now raises), 'నో లాంగర్' (no longer), 'డిఫాల్ట్' (default) అనే మాటలు వెతకండి. ప్రవర్తన మారిన చోట్ల ఎక్కువగా ఈ మాటలే కనబడతాయి. పరీక్షల విషయానికొస్తే, యూనిట్ టెస్టుల్లో మనం రాసుకునే డేటా సాధారణంగా చిన్నది, శుభ్రమైనది. పైన చెప్పిన మూడింటిలో ఒక్కటి కూడా అలాంటి టెస్టుల్లో పట్టుబడదు. అసలు ట్రాఫిక్‌లోంచి తీసిన నమూనాలు, వ్యక్తిగత వివరాలు తీసేసి, ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. కొత్త వెర్షన్ మీద వాటిని నడిపి పాత ఫలితాలతో పోల్చండి.

అప్‌డేట్‌లోనే తప్పు దొర్లడం అరుదు, కానీ జరుగుతుంది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 3.9.3 వల్ల 32 బిట్ సిస్టమ్స్‌లో అంతకుముందు కంపైల్ చేసిన కొన్ని సీ ఎక్స్‌టెన్షన్లు (సీ భాషలో రాసి పైథాన్‌కు జోడించే మాడ్యూళ్లు) క్రాష్ అయ్యే పరిస్థితి వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకుని వెంటనే 3.9.4 ఇచ్చారు. మీరు వాడే 3.13లోనే 2025 జూన్‌లో 3.13.4 వచ్చిన వారం పది రోజుల్లోనే, అది తెచ్చిన కొత్త సమస్యలను సరిచేస్తూ 3.13.5 వచ్చింది. అందుకే సెక్యూరిటీ విభాగంలో మీకు సంబంధించినది ఏదీ లేకపోతే నేను వారం పది రోజులు ఆగుతాను. ఉంటే మాత్రం ఆగను, టెస్టులు పాసవగానే వేసేస్తాను.

ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవన్నీ కలిపి ఒక ఇమేజ్‌గా నడిపే డాకర్ వాడుతుంటే ఒకటి చూసుకోండి. ఇమేజ్ ట్యాగ్ 3.13 అని మాత్రమే రాస్తే, బేస్ ఇమేజ్‌ను కొత్తగా లాగినప్పుడల్లా చివరి అంకె మీకు తెలియకుండానే మారిపోతుంది. మూడు అంకెలూ రాయండి, అప్‌డేట్‌ను మీరే ఎంచుకున్న రోజున మార్చండి. అలా రాసి మరిచిపోతే భద్రతా సవరణలు అందవు కాబట్టి క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి. పలు పైథాన్ వెర్షన్లను పక్కపక్కనే పెట్టుకునే టూల్ పైఎన్వ్ వాడేవారికి ప్రతి చిన్న వెర్షన్‌కీ వేరే ఫోల్డర్ ఉంటుంది కనుక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (ఒక ప్రాజెక్టుకు విడిగా ఉంచే ప్యాకేజీల ఫోల్డర్‌ను) మళ్లీ తయారుచేసుకోవాలి.

విండోస్ సర్వర్ అయితే ఇంకో సంగతి. 3.13కి మొదటి రెండేళ్లు మామూలు సవరణలు వస్తాయి, ఆ తర్వాత విడుదలై ఐదేళ్లయ్యేదాకా భద్రతా సవరణలు మాత్రమే. ఆ రెండో దశలో సోర్స్ కోడ్ మాత్రమే ఇస్తారు, ఇన్‌స్టాలర్ ఉండదు. కాబట్టి 2026 అక్టోబరు దాటాక 3.13 ఇన్‌స్టాలర్ కోసం ఎదురుచూడకుండా, ఈలోపే 3.14 మీద మీ టెస్టులు నడపడం మొదలుపెట్టండి.