నీట్ వద్దు, అడవి జంతువుల జన్యువులు చదువుతానంటోంది. ఏం చేయాలి?

ప్రశ్న: కైకలూరు దగ్గర మాకు చేపల చెరువులు, చిన్న హేచరీ ఉన్నాయి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. నీట్ రాయనంటోంది. అడవి జంతువులు, నదుల్లోని చేపల జన్యువుల మీద పని చేస్తానంటోంది. అసలు అలాంటి ఉద్యోగాలు ఉన్నాయా? ఆడపిల్లను అడవుల వెంట పంపాలంటే ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: నమస్కారమండీ. ఉద్యోగాలు ఉన్నాయి, కాకపోతే తక్కువ. సైంటిస్టుగా స్థిరపడాలంటే పీహెచ్‌డీ దాకా చదవాల్సిందే. అప్పటికి అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్లు వస్తాయి. ఈ మాట ముందే మీ చెవిన వేయడం మంచిదని చెబుతున్నాను.

అయితే అమ్మాయి కోరుకుంటున్న పని మీ ఇంటి పనికి దూరమేమీ కాదు. హేచరీలో ఒకే చెరువు బ్రూడర్లను (గుడ్లు పెట్టించే తల్లి, తండ్రి చేపలను), వాటి పిల్లలను, మళ్లీ ఆ పిల్లల పిల్లలను వాడుకుంటూ పోతే కొన్నేళ్లకు సీడు (చేపపిల్లల) ఎదుగుదల తగ్గుతుందని, బయటి నుంచి కొత్త బ్రూడర్లు తేవాలని మీకు తెలిసే ఉంటుంది. అడవిలోనూ అదే లెక్క. కంచె వేసిన పార్కులో 100 జింకలు ఉన్నాయనుకోండి. వాటిలో 90 ఆడవి, 10 మగవి అయితే, పిల్లలన్నీ ఆ పది మగవాటికే పుట్టాలి కాబట్టి, జన్యువుల లెక్కలో ఆ మంద 36 జింకలతో సమానం. ఆడ, మగ సంఖ్యలను గుణించి, నాలుగుతో హెచ్చవేసి, మొత్తంతో భాగించండి, అదే వస్తుంది. కంటికి వంద కనిపిస్తున్నా లోపల మేనరికం పెరిగిపోతూ ఉంటుంది. అమెరికాలో ఫ్లోరిడా పాంథర్లు ఇరవై ముప్ఫైకి పడిపోయినప్పుడు వాటికి వంకర తోకలు, గుండె లోపాలు కనిపించాయి. 1995లో టెక్సస్ నుంచి వాటి జాతివే అయిన 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదిలాక ఆ జాతి కోలుకుంది.

జన్యువులు చూడకుండా మంచి చేయబోతే ఏమవుతుందో కావేరి చెబుతుంది. ఆ నదిలో మూపురం ఉన్న మహసీర్ అనే పెద్ద చేప ఉండేది. మహసీర్లు తగ్గిపోతున్నాయని 1970ల నుంచి లోణావాలా హేచరీలో నీలి రెక్కల మహసీర్ పిల్లలను పెంచి దేశంలో చాలా నదుల్లో వదిలారు, కావేరిలో కూడా. మహసీర్ అంటే మహసీరే కదా అనుకున్నారు. వదిలిన చేప నదంతా ఆక్రమించింది, సొంత చేప కనుమరుగవుతూ వచ్చింది. అసలు ఆ మూపురం చేప ఏ జాతిదో శాస్త్రవేత్తలు తేల్చింది 2018లో! శాస్త్రీయ నామం టార్ రెమాదేవి అని గుర్తించారు. అదే ఏడాది ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాబితాలో చేర్చింది. డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాకైనా, పిల్లల్ని వదిలే ముందు రెండు చేపల రెక్కల్లోంచి చిన్న ముక్కలు కత్తిరించి డీఎన్‌ఏ పోల్చి చూసి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మన గోదావరికి ఎదురీదే పులస, హుగ్లీకి వెళ్లే ఇలస ఒకే కుదురువా, వేర్వేరా అన్నదీ ఇలాంటి ప్రశ్నే. వేట నిషేధం ఎక్కడ, ఎన్నాళ్లు పెట్టాలన్నది కూడా దాన్ని బట్టే ఉంటుంది.

ఇక అడవి గురించి. ఈ పనిలో పులిని చూసే రోజులు తక్కువ, పులి పెంటను చూసే రోజులు ఎక్కువ. దాని పైపొరను దూదిపుల్లతో తుడిచి, ట్యూబులో వేసి, జీపీఎస్ నంబరు రాసి ల్యాబుకు తెస్తారు. అది ఏ పులిదో ఆ పొరలోని డీఎన్‌ఏ చెబుతుంది. ఒక్కరినే ఎవరూ పంపరు, ఫారెస్టు సిబ్బంది, టీమ్ వెంట ఉంటారు. మిగతా కాలమంతా ల్యాబు, కంప్యూటరే. ఒడిశాలోని సిమిలిపాల్ అడవి నల్లపులుల రంగుకు కారణమైన జన్యువును 2021లో తేల్చిన బృందానికి నాయకురాలు బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధనలు చేసే ఎన్‌సీబీఎస్‌లోని ఉమా రామకృష్ణన్. ఇంట్లో వాళ్లకు ఆ సంగతి చెప్పండి.

చదువు విషయానికొస్తే, మీ అమ్మాయికి నేను ముందుగా చెప్పేది మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్‌ఎస్సీ. ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో నెల్లూరు దగ్గర ముత్తుకూరు కాలేజీకి ప్రయత్నించవచ్చు. తర్వాత భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) పీజీ పరీక్ష రాసి ముంబయిలోని మత్స్యవిద్య సంస్థ సీఐఎఫ్‌ఈలో ఫిష్ జెనెటిక్స్ అండ్ బ్రీడింగ్ చదవవచ్చు. చేపల జన్యువుల కోసమే లక్నోలో ఎన్‌బీఎఫ్‌జీఆర్ అనే జాతీయ సంస్థ ఉంది. పరిశోధన వద్దనుకున్నా మత్స్యశాఖ ఉద్యోగాలు, హేచరీలు, మీ సొంత చెరువులు ఉండనే ఉన్నాయి. అందుకే ఈ దారి నాకు నచ్చుతుంది. మనసు పూర్తిగా జంతువుల మీదే ఉంటే బీఎస్సీ చేసి డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌కో, ఎన్‌సీబీఎస్ వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీకో వెళ్లాలి. సీట్లు బాగా తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ ల్యాబు ఉంది, అంతరించిపోతున్న జంతువుల మీద పని చేస్తుంది. వాళ్ల సాయంతో నెహ్రూ జూలో పెంచిన మూషిక జింకలను అమ్రాబాద్ అడవిలో వదిలారు. డిగ్రీలో ఉండగా అక్కడ ప్రాజెక్టు చేసే అవకాశం దొరికితే వదులుకోవద్దు. పేరు చూసి జెనెటిక్ ఇంజినీరింగ్ బీటెక్‌లో లక్షలు పోయవద్దు. అందులో చెప్పేది ఎక్కువగా ఫార్మా, ఇండస్ట్రీ వైపు పని.

ఖర్చు సంగతి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి పరిశోధన ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) తెచ్చుకుంటే పీహెచ్‌డీలో నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. రెండేళ్లయ్యాక 42,000 అవుతుంది. అంటే ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల నుంచి మీరు డబ్బు పంపక్కర్లేదు.

బైపీసీ పిల్లలు తడబడేది ఒక్క చోటే, లెక్కల్లో. ఈ రంగం సగం బురద, సగం స్టాటిస్టిక్స్. ఇంటర్ పరీక్షలయ్యాక ఖాళీగా ఉండకుండా ప్రాబబిలిటీ, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టమనండి. ఆర్‌ను ఉచితంగానే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

వచ్చే వానాకాలం హేచరీ సీజన్లో మీరొక పని అప్పజెప్పండి. ఏ బ్రూడర్లు ఎక్కడి నుంచి తెచ్చారు, ఒక్కో విడతలో ఎన్ని ఆడ, ఎన్ని మగ వాడారు, ఏ విడత సీడు ఎలా ఎదిగింది, అన్నీ ఒక పుస్తకంలో రాయమనండి. సీజన్ అయ్యాక ఆ పుస్తకంలో తేలిన లెక్కలేమిటో అమ్మాయినే నాకు రాయమనండి.