మనిషిని గాలిలోకి ఎగరేసే పిస్తోలు తూటా ఏదీ లేదు

.45, .44 మాగ్నమ్, .500 మాగ్నమ్ తూటాల్లో ఏది ఎక్కువ శక్తిమంతమైనది, దేనికంటే ఏది ఎన్ని రెట్లు అని అడిగారు. పేర్లలోని .45, .44, .500 అంకెలు గుండు వెడల్పును సుమారుగా అంగుళాల్లో చెబుతాయి, మాగ్నమ్ అంటే మామూలు కంటే బలంగా తయారుచేసిన తూటా. అంకెలే కావాలంటే ఒక్క నిమిషం పని. .45 పిస్తోలు తూటా (దీన్నే .45 ఏసీపీ అంటారు) గుండు సుమారు 500 జౌళ్ల శక్తితో గొట్టం దాటుతుంది. .44 మాగ్నమ్ 1,300 జౌళ్లు. 2003లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన .500 మాగ్నమ్ 3,500 జౌళ్ల దాకా వెళ్తుంది. ఒక్కో మెట్టుకు రెండున్నర రెట్ల పైమాటే.

గుంటూరులో ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. ఈ ‘ఎన్ని రెట్లు’ అనే ప్రశ్న నాకు పాత చుట్టం. అందులో ఉన్న పొరపాటు కూడా అంతే పాతది.

మా అమ్మాయి వాళ్లు అరిజోనాలో ఉంటారు. అక్కడికి వెళ్లినప్పుడు అల్లుడుగారు ఒక ఉదయం, “మామయ్యగారూ, ఇన్నేళ్లు బోర్డు మీద తుపాకీ లెక్కలు చేశారు, ఒకసారి కాల్చి చూడండి” అని తుపాకీ కాల్చే రేంజికి తీసుకెళ్లారు. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో .303 రైఫిల్ కాల్చినవాణ్ణి కాబట్టి బెదరలేదు. మొదట .45 పిస్తోలు ఇచ్చారు. అరచేతిని ఎవరో గట్టిగా నెట్టినట్లుంది, అంతే. తరువాత .44 రివాల్వర్. గొట్టం నా నుదుటి ఎత్తుకు లేచింది. చప్పుడు చెవులకు కట్టుకున్న కప్పుల్ని దాటి ఛాతీలో వినిపించింది.

ఆ తరువాత .500. రివాల్వర్ బరువే రెండు కిలోలు. సిలిండర్‌లో అయిదు గదులుంటే శిక్షకుడు ఒక్కదానిలోనే తూటా పెట్టాడు. నాలుగు ఖాళీ. కారణం అడిగాను. తుపాకీ ఒక్కసారిగా వెనక్కి తన్నేసరికి చెయ్యి బెదిరి పిడిని ఇంకా గట్టిగా పట్టుకుంటుందట. ఆ పట్టులో వేలు ట్రిగ్గర్‌ను మళ్లీ నొక్కేస్తుంది. అప్పటికి గొట్టం ఎటు చూస్తూ ఉంటుందో ఎవరికీ తెలియదు, కాల్చినవాడి తలవైపే ఉండవచ్చు. ఆ మాట చెబుతున్నప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు. నాకు ఆ మనిషి మీద ఎంతో గౌరవం కలిగింది. పాఠం అంటే అలా చెప్పాలి, ప్రమాదం ఎక్కడుందో అక్కడ వేలు పెట్టి చూపించాలి.

కాల్చాను. గొట్టం ముందు నిమ్మకాయంత కాదు, గుమ్మడికాయంత మంట లేచింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కందిపోయింది. మణికట్టులో సన్నని నొప్పి మోచేతి దాకా పాకింది. రెండు తూటాలతో ఆపేశాను. రెండు రోజులు కాఫీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నాను.

ఆ రాత్రి భోజనాల బల్ల మీద కాగితం పెట్టుకుని లెక్క వేశాను. చేతికి తెలిసేది శక్తి కాదు, ద్రవ్యవేగం. గుండు బరువును కిలోల్లో, వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని గుణిస్తే .45కి 3.9 వస్తుంది, .44కి 6.4, .500కి 14. నేను చిన్నప్పుడు భుజం కమిలేలా కాల్చిన .303కి కూడా 8.4 మాత్రమే. పైగా అది నాలుగు కిలోల రైఫిల్, భుజానికి ఆనించుకుని కాల్చేది. ఇక్కడ రెండు కిలోల ఇనుము, ఆనించుకోవడానికి రెండు చేతులు తప్ప ఇంకేమీ లేవు. తుపాకీ మందు వాయువుల తోపు కలపకుండా చూసినా ఆ రివాల్వర్ సెకనుకు 7 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. .303 రెండు మీటర్ల వేగంతోనే.

ఇంకో చిత్రం చూడండి. 9 ఎం.ఎం. గుండుకూ .45 గుండుకూ శక్తి దాదాపు ఒకటే, ద్రవ్యవేగంలో మాత్రం .45 చాలా ముందుంటుంది. అదే .45ను .357 మాగ్నమ్‌తో పోలిస్తే ద్రవ్యవేగాలు సమానం, శక్తి మాత్రం .357కి దాదాపు ఒకటిన్నర రెట్లు. మరి ఏది బలమైనదని చెప్పాలి? ఈ మూడు తూటాలను పక్కపక్కన పెడితే ఒక అధ్యాయమంతా పిల్లలకు అర్థమైపోతుంది. విజయవాడలో హాస్టళ్లలో తెల్లవారుజాము నుంచి కూర్చోబెట్టి ‘తుపాకీ వెనక్కి తన్నే వేగం’ సూత్రాన్ని వందసార్లు రాయిస్తారు. అది చేతికి ఎలా తగులుతుందో ఒక్క మాట చెప్పరు. ర్యాంకు వచ్చిన కుర్రాణ్ణి శక్తికీ ద్రవ్యవేగానికీ తేడా అడిగితే ప్రమాణాలు అప్పజెబుతాడు. నాకు ఇది నిజంగా బాధ.

నేను అసలు చెప్పదలచుకున్నది మిర్చి టిక్కీ, అంటే ఎండుమిర్చి బస్తా గురించి. మా నాన్నగారు గుంటూరులో మిర్చి కమిషన్ కొట్టులో గుమాస్తా. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా వేసవిలో ఆయనకు అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్లాను. ఘాటుకు కళ్లు మండుతూ, తుమ్ముకుంటూ లారీ పక్కనుంచి నడుస్తున్నాను. పైనుంచి హమాలీ ఊపి వదిలిన టిక్కీ నా ఛాతీకి తగిలింది. రెండు బారల దూరంలో వెల్లకిలా పడ్డాను. క్యారేజీ గిన్నెలు దొర్లిపోయాయి. కాసేపు ఊపిరి అందలేదు. ఆ హమాలీ దిగి వచ్చి నన్ను ఎత్తి కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, కంటతడి పెట్టుకున్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు.

టిక్కీ నలభై కిలోలు, వేగం సెకనుకు 3 మీటర్లు అనుకుందాం. శక్తి 180 జౌళ్లు, అంటే .44 మాగ్నమ్‌లో ఏడో వంతు. ద్రవ్యవేగం మాత్రం 120, .44 కంటే దాదాపు పందొమ్మిది రెట్లు. అందుకే నన్ను పడగొట్టింది, గాయపరచలేదు. గుండు దీనికి తలకిందులు. 65 కిలోల మనిషికి .44 గుండు ఇవ్వగలిగిన వేగం సెకనుకు పది సెంటీమీటర్లు, నడకలో పదో వంతు కూడా లేదు. తగిలినవాడు గాలిలో ఎగిరితే కాల్చినవాడు కూడా వెనక్కి ఎగరాలి కదా! న్యూటన్ మూడో నియమం తెరమీద హీరోకు మినహాయింపు ఇవ్వదు. మన సినిమాల్లో మనుషులు గోడలు పగలగొట్టుకుని పడటం చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఎందుకంటే పిల్లలు దాన్ని నిజమని నమ్ముతారు.

గుండు చేసే పని దూసుకుపోవడం. ఎంత లోతుకు, ఎక్కడికి వెళ్లిందన్నదే తేడా తెస్తుంది. 1986 ఏప్రిల్‌లో అమెరికాలోని మయామీలో జరిగిన కాల్పుల్లో అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. వారి 9 ఎం.ఎం. గుండు ఒకటి దుండగుడి గుండెకు చేరకముందే ఆగిపోయింది. అతను కాలుస్తూనే ఉన్నాడు, ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. ఆ తరువాత ఎఫ్.బి.ఐ. పరీక్షల్లో కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మెలో 12 నుంచి 18 అంగుళాల లోతును కొలబద్దగా పెట్టుకుంది. 10 ఎం.ఎం.కు, .40కు వెళ్లి చివరికి మెరుగైన గుండ్లతో 9 ఎం.ఎం.కే తిరిగి వచ్చింది.

మన దగ్గర లైసెన్సుదారుల చేతిలో ఎక్కువగా కనిపించేది కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వర్. దాని శక్తి 150 జౌళ్ల దరిదాపుల్లో ఉంటుంది, నా టిక్కీ కంటే తక్కువ. అయినా ప్రాణం తీస్తుంది. పెళ్లి ఊరేగింపుల్లో దాన్ని పైకి కాల్చి ముచ్చట తీర్చుకునేవారి మీద ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ రెండేళ్ల దాకా జైలు పెట్టింది. నన్నడిగితే అది చాలదు.

ఇక మీ వరుస: .500, .44, .45. అలాస్కాలో ఎలుగుబంట్లు తిరిగే చోటికి వెళ్లేవారు పెద్దవి పట్టుకెళ్తారు, మందపాటి కండనూ ఎముకనూ దాటే లోతు కావాలి కాబట్టి. నన్ను ఎంచుకోమంటే మాత్రం .44 తీసుకుంటాను, దానితో రెండో తూటాకు కూడా నా చెయ్యి నా మాట విన్నది.